ఆగమని చెప్పే అధికారం

మా తమ్ముడు ఆ కార్డు తెచ్చి చూపించిన రోజు నేను వంటింటి గుమ్మంలో కూర్చుని వంకాయలు తరుగుతున్నాను. మెడలో వేసుకోవడానికి తాడు ఉన్న ఎర్ర కార్డు. ఒకవైపు ఇంగ్లీషు, రెండోవైపు హిందీ. టాటానగర్ పక్కన ఆదిత్యపూర్‌లో వాడు పనిచేసే షెడ్డులో ఆ రోజే అందరికీ పంచి, వరసగా నిలబెట్టి ఉపన్యాసం కూడా ఇచ్చారట. పని దిగాక మా ఆయన్ని బండి మీద సీతారాండేరాలో మా ఇంటి దగ్గర దింపి, కాసేపు నన్ను ఏడిపించి, ఆ తర్వాత గోవింద్‌పూర్‌లో తన ఇంటికి వెళ్ళడం వాడి అలవాటు.

“అక్కా, నువ్వు ఇంగ్లీషు బీఏ కదా, ఇది సెప్పు. అథారిటీ అంటే ఏటి?”

“వెనకాల హిందీలో ఉంది కదరా.”

“సదివాను. ‘కామ్ రోక్‌నే కా అధికార్’ అని రాసేరు. నాకేటి అధికారం అక్కా? ఇంట్లో టీవీ రిమోటే నా సేతికి రాదు.”

కత్తిపీట పక్కకు నెట్టి చదివి చెప్పాను. పనిలో ఎవరికైనా ప్రమాదం కనిపిస్తే, వాడు కూలీ అయినా సరే, అక్కడికక్కడ పని ఆపించవచ్చు. ఆపినందుకు వాణ్ణి ఎవరూ ఏమీ అనకూడదు. అంతే అందులో ఉన్నది.

“ఇంజనీరునైనా ఆపొచ్చా?”

“ఆపొచ్చు.”

“బావని?”

“బావనైనా.”

వాడు పడీపడీ నవ్వాడు. లోపల మంచం మీద నడుం వాల్చిన మా ఆయన అక్కణ్ణుంచే అందుకున్నారు. “ఏడిసావులే. నువ్వు నన్నాపితే సూరీడు పడమట లేత్తాడు.”

“నువ్వెక్కడాగుతావు బావా, నీకు బ్రేకులే లేవు. మా అక్కనడుగు, సెప్తాది.”

ఆ సాయంత్రం ముగ్గురం ఆ కార్డు మీద ఎంత నవ్వుకున్నామో!

నేను ఇంట్లో పిల్లలకు ట్యూషన్లు చెబుతాను. అథారిటీ అన్న మాట పాఠంలో వచ్చినప్పుడల్లా ‘అధికారం’ అని చెప్పి ముందుకు పోయేదాన్ని. వాడు అడిగిన రోజున మాత్రం ఆ అర్థం నాకే గొంతు దిగలేదు. అధికారం అనగానే మనకు జీపు దిగే మనిషి కనిపిస్తాడు. వాణ్ణి చూసి మనం లేచి నిలబడాలి. హిందీలో అధికార్ అంటే కాస్త మెత్తన, హక్కుకు దగ్గర. సాక్చీ బజారులో కూరలమ్మే ఆవిడ కూడా ‘మేరా అధికార్ హై’ అని దెబ్బలాడుతుంది. తెలుగులో ఏ కూరలావిడైనా ‘ఇది నా అధికారం’ అంటుందా? అంటే నవ్విపోతారు. పోనీ పెత్తనం అందామా అంటే అది తిట్టు. నన్నే అంటారు, పెద్ద పెత్తనం చెయ్యొచ్చిందని. మా నాన్న టాటానగర్‌లో రైల్వే గార్డు. ఆయన లెక్కలో అథారిటీ అంటే స్టేషన్లో అందాల్సిన కాయితం, అది అందితేనే బండి కదులుతుంది. మేం సినిమాకి బయల్దేరినా గుమ్మంలో అడ్డం నిలబడి, “అథారిటీ ఎవలిచ్చేరు?” అనేవారు. ఆ మాట మా ఇంట్లో ఎప్పుడూ కదలడానికే. ఆపడానికి కూడా అథారిటీ ఉంటుందని, అది కింద ఉన్నవాడి మెడలో వేలాడుతుందని ఆ కార్డు వచ్చేదాకా మాకెవరికీ తెలియదు.

మా ఆయన ఆ షెడ్డులో మేస్త్రీ. పెద్ద పెద్ద ఇనుప ప్లేట్లు కోసి, అతికించి, వేరే కార్ఖానాలకు పంపే చిన్న షెడ్డు అది. ఆయన చేతికింద గ్యాంగులో అందరూ మావాళ్ళే, శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్ళు. ఒకరికి ఆయన మావయ్య, ఒకరికి తోడల్లుడు, ఇంకొకరికి పెదనాన్న వరస. మావాళ్ళకి ఈ ఊళ్ళో పని అలాగే దొరుకుతుంది. ఒకడు లోపలికి వెళ్ళి రెండోవాణ్ణి లాక్కుంటాడు. మా తమ్ముణ్ణి లాగింది మా ఆయనే. వాడు మొదటిరోజు పనికి వెళ్తుంటే మా అమ్మ బొట్టు పెట్టి ఒకటే మాట చెప్పింది. “బావంటే నాన్న తరవాత నాన్నే. నలుగుర్లో ఆయన మాట తీసీకు.”

ఇంట్లో అయితే వాళ్ళిద్దరిదీ పిల్లీ ఎలకా సంబంధం. చేపల పులుసులో చింతపండు ఎక్కువైందని ఒకరంటే తక్కువైందని ఇంకొకరు. క్రికెట్ చూస్తూ కూర్చుంటే చుట్టుపక్కల క్వార్టర్ల వాళ్ళు మా ఇంట్లో తగువైందేమో అనుకునేవారు. “నోర్ముయ్ బావా, నీకేటి తెలుసు” అనేంత వరకూ వెళ్ళేది. మా ఆయనకు కోపం వచ్చేది కాదు సరికదా, వాడు రాని రోజున అన్నం సయించేది కాదు. “ఏటే, నీ తమ్ముడింకా రాలేదు, బతికున్నాడా?” అని నాలుగుసార్లు అడిగేవారు.

అదే మా తమ్ముడు షెడ్డు గేటు దాటాడంటే బావని ‘మీరు’ అనేవాడు. పదిమందిలో బావకు ఎదురు చెప్పడమనేది మావాళ్ళలో లేదు. హిందీవాళ్ళు, ఒడియావాళ్ళు, నిన్నగాక మొన్న చేరిన ఇంజనీర్లు చూస్తుండగా సొంత బావమరిదే ‘నువ్వు చేస్తున్నది తప్పు’ అంటే ఇంక మేస్త్రీ మాట ఎవడు వింటాడు? అందుకని గ్యాంగులో వాళ్ళకొక పద్ధతి ఉంది. పెద్దవాడి పనిలో ఏదైనా తేడా కనిపిస్తే చిన్నవాడు దగ్గరికెళ్ళి, “టీ తాగొద్దాం రండి” అంటాడు. అంతే. పెద్దవాడికి అర్థమవుతుంది. పని ఆపించి బయటికొస్తాడు. టీకొట్టు దగ్గర గ్లాసు చేతికొచ్చాక, “ఆ క్లాంపు కొంచెం వదులుగా ఉన్నట్టున్నాది” అని చిన్నవాడు ఎటో చూస్తూ అంటాడు. “నేనూ సూసేన్లే” అని పెద్దవాడు గంభీరంగా అంటాడు. చూసి ఉండడు, అది ఇద్దరికీ తెలుసు. లోపలికెళ్ళి సరిచేస్తారు. ఎవరి పరువూ పోదు.

మా ఆయన ఇంటికొచ్చి ఈ కథలు చెబుతుంటే, “ఇవేళ ఎన్ని టీలు తాగేరేటి?” అని నేను వేళాకోళం ఆడేదాన్ని. నిజం చెప్పాలంటే నాకా పద్ధతి ముద్దుగానే ఉండేది. అబద్ధమెందుకు, దానివల్ల తప్పిపోయిన ప్రమాదాలు కూడా చాలా ఉన్నాయి. అందుకే ఎర్ర కార్డు మెడలో వేసుకున్నాక కూడా వాళ్ళెవరూ ఆ పద్ధతి మార్చలేదు. కార్డు చదవాల్సినవాళ్ళు చదివారు, దాచుకున్నవాళ్ళు దాచుకున్నారు. టీలు మాత్రం ఎప్పటిలాగే సాగాయి.

ఆ తర్వాత వచ్చిన ఎండాకాలంలో జరిగింది. సరుకు ఆ పూటే వెళ్ళిపోవాలని తొందర. బయట లారీ నిలబడి ఉంది. పైన పుల్లీకి తగిలించిన వైరు తాడుతో ఒక పెద్ద ప్లేటు ఎత్తుతున్నారు. మా ఆయన కింద నిలబడి, చేత్తో ప్లేటు అంచు పట్టుకుని, ఎటు తిప్పాలో చెబుతున్నారు. ఆ వైరు తాడులో పోగులు తెగి పైకి లేచి ఉండడం మా తమ్ముడు చూశాడు. చూసి ఆయన పక్కకొచ్చి నిలబడ్డాడు. కొత్త ఇంజనీరు అక్కడే ఉన్నాడు. లారీ డ్రైవరు కూడా లోపలికొచ్చి చూస్తున్నాడు.

“బావా, టీ తాగొద్దాం రండి” అన్నాడు.

“ఇది దించేసి తాగుదాం.”

“ఇప్పుడే తాగొద్దాం బావా. గొంతెండిపోతంది.”

మా ఆయన విసుక్కున్నారట. ఆ రోజు ఎండ నిజంగానే మండిపోతోంది, ఎవరికైనా నిజంగానే గొంతు ఎండుతుంది. తొందరలో ఉన్న మనిషికి దాహం దాహంలాగే వినిపించింది. “అయితే నువ్వెల్లి తాగు” అన్నారు. వాడు వెళ్ళలేదు. ఆగమనీ అనలేదు. ఆయన పక్కనే నిలబడి పైకి చూస్తూ ఉండిపోయాడు. వాడు చూస్తుండగానే వైరు తెగింది, ప్లేటు పడింది.

మా ఆయన కుడిచేతికి ఇప్పుడు బొటనవేలూ చూపుడువేలూ మాత్రమే ఉన్నాయి. ప్రాణం దక్కింది, అది చాలు అని అందరూ అన్నారు. నేనూ అదే అన్నాను. అన్నానే గానీ, ఆయన అన్నం కలుపుకోలేక పళ్ళెం ముందు కూర్చున్న మొదటిరోజు నేను పెరట్లోకెళ్ళి నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చాను.

మేం ఆసుపత్రి వరండాలో ఉండగానే విచారణకు ఒక సేఫ్టీ ఆఫీసరు వచ్చాడు. చిన్న వయసు, మర్యాదస్థుడే. మా తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని హిందీలో అడిగాడు. నీకు అథారిటీ ఉంది కదా, ఆపలేదేం?

“రోకా థా సర్” అన్నాడు మా తమ్ముడు. ఆపాను సార్ అని.

“ఏమని ఆపావు?”

“చాయ్ పీనే కో బోలా.”

“చాయ్?”

“జీ సర్. టీ తాగుదాం రండి అని చెప్పాను.”

ఆ ఆఫీసరు మళ్ళీ అడిగాడు, మళ్ళీ అదే జవాబు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఓలమ్మో, నాకు ఒళ్ళు తెలియలేదు! నా నోటికి హద్దు లేదని మా అమ్మ ఊరికే అనదు. లేచి వెళ్ళి, ఇందులో పళ్ళికిలించడానికి ఏముందని నవ్వినవాణ్ణి కడిగేశాను. ఆఫీసరు వైపు తిరిగి, “వాడు ఆపాడు సార్. మా పద్ధతిలో ఆపాడు. పెద్దవాళ్ళని మేం అలాగే ఆపుతాం” అన్నాను. ఆ అబ్బాయి నా మీద విసుక్కోలేదు. “మేడమ్, అది నాకు అర్థమైంది. కానీ స్టాప్ అని అనలేదు కదా” అన్నాడు మెల్లగా. అనలేదు. నిజంగానే అనలేదు. నా కోపం అంతా నాలోనే ఉండిపోయింది. ఇప్పటికీ ఉంది, ఎవరి మీద చూపించాలో తెలియక.

మా ఆయనకు మాత్రం వాడి మీద ఇసుమంత కోపం లేదు. తెలివొచ్చాక మొదట అడిగింది వాణ్ణే. వాడు మంచం కాళ్ళ దగ్గర నిలబడి తలెత్తలేదు. “ఒరే, నువ్వు సెప్పేవురా. నేనే ఇనలేదు. నువ్వేటి సేత్తావు?” అన్నారు. ఇంటికొచ్చాక కూడా ఎన్నిసార్లు అన్నారో ఆ మాట! వాడు వింటాడు, తల ఊపుతాడు. వాడి మనసులోకి ఒక్కసారి కూడా దిగలేదు.

ఆ షెడ్డు పని వాడు మానేశాడు. గోవింద్‌పూర్‌లో మోటారు సామాన్ల కొట్లో చేరాడు. మా ఆయన్ని షెడ్డువాళ్ళు స్టోరులో కూర్చోబెట్టారు. కొన్నాళ్ళు మా ఇంటి ఛాయలకే రాలేదు వాడు. నేను వెళ్ళి బతిమాలాను, తిట్టాను, చెయ్యి పట్టుకుని లాక్కొచ్చినంత పని చేశాను. అప్పుడు ఆదివారాలు రావడం మొదలుపెట్టాడు. అలా వచ్చిన మొదటి ఆదివారం గుమ్మంలో చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని, “ఎలాగున్నారు బావా?” అన్నాడు.

ఎలాగున్నారు! నా చేతిలో గరిటె ఆగిపోయింది. మా పెళ్ళయిన నాటినుంచీ మా ఇంట్లో వాడి నోట ఆయనకు ‘రు’ పడలేదు. మా ఆయన కూడా విన్నారు. పక్కన కూర్చోమని మంచం మీద చెయ్యి వేసి చూపించారు. వాడు వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు.

అప్పటినుంచీ అంతే. వాడు వస్తాడు, కూరలో చేపలో తెస్తాడు, ఆయన ఏది అంటే దానికి ‘అలాగే బావా’ అంటాడు. మా ఆయన వాడి చేత ఒక్క ‘కాదు’ అనిపించాలని పడే అవస్థ చూస్తే నాకు జాలేస్తుంది. ఒకరోజు ఉప్పు కషాయమైన పులుసు నోట్లో పెట్టుకుని, “ఉప్పు సాల్లేదు కదరా?” అన్నారు. “సాల్లేదు బావా” అన్నాడు వాడు, గుటుక్కున మింగి. క్రికెట్లో వాడికి ప్రాణమైన ఆటగాణ్ణి పట్టుకుని, “ఈడు దండగరా, ఈణ్ణి తీసీవొచ్చు” అన్నారు. “తీసీవొచ్చు బావా.” నేనింక ఉండబట్టలేక వంటింట్లోకి పిలిచి, “నోరెక్కడ పారేసుకున్నావురా?” అని అడిగాను. వాడు హిందీలోకి దిగిపోయాడు. “ఛోడో నా అక్కా.” వదిలెయ్యమని. ఏడుపొచ్చేటప్పుడు వాడికి తెలుగు రాదు, చిన్నప్పటినుంచీ అంతే.

వీటన్నిటికంటే నన్ను మండించేది ఇంకొకటుంది. మావాళ్ళందరూ వాణ్ణి మెచ్చుకుంటున్నారు! ఎంత మర్యాద, ఎంత వినయం, బావంటే ఎంత భక్తి అని. పెళ్ళిళ్ళలో కలిసిన ముసలివాళ్ళు, నోరు మంచిదైతే ఊరు మంచిది అంటూ వాణ్ణి చూపించి తమ కొడుకులకు బుద్ధి చెబుతున్నారు. మా అమ్మ కూడా, “ఇప్పటికి బుద్దొచ్చినాది మా గుంటడికి” అంది. నేను కసిరితే, “నానేటన్నానే ఇప్పుడు?” అని బిక్కమొహం వేసింది. ఆవిడ తప్పేముంది? మావాళ్ళు కొడుకుల్లో కోరుకునేదే అది. కోరుకున్నది దొరికింది, అనుభవించాలి.

వాడు నన్నడిగిన మాటకు ఇప్పుడైతే ఇంకో అర్థం చెప్పేదాన్ని. చనువు. బావని నోర్ముయ్యమనగలిగాడే, వాడికి ఆయన మీద ఉన్న అథారిటీ అంతా అదే. దాన్ని ఎవరూ అచ్చువేసి మెడలో వెయ్యలేరు. వాళ్ళిద్దరూ కలిసి ఏళ్ళ తరబడి పోట్లాడుకుని సంపాదించుకున్నది. ఇంట్లో ఇష్టమొచ్చినట్టు వాడేవాడు, షెడ్డుకి వెళ్ళేటప్పుడు మాత్రం గేటు బయట పెట్టి వెళ్ళేవాడు. ఆ ఒక్క పూట దాన్ని లోపలికి తీసుకెళ్ళి ఉంటే! “ఆగెహే బావా, కళ్ళు కనపడతన్నాయా నీకు?” అని, ఇంట్లో అరిచినట్టు అరిచి ఉంటే! మా ఆయనకు నలుగుర్లో తల కొట్టేసినట్టయ్యేది, సాయంత్రం ఇంటికొచ్చి చిందులు తొక్కేవారు, రాత్రికి ఇద్దరూ ఒకే పళ్ళెంలో పకోడీలు తినేవాళ్ళు. ఇంతే కదా అయ్యేది. ఆ చనువు ఇప్పుడు ఇంట్లో కూడా లేదు.

మొన్న ఆదివారం మా ఆయన ఫ్యాను రెక్కలు తుడుస్తానని బయల్దేరారు. వాడు అప్పుడే వచ్చి కూర్చున్నాడు. పెరట్లోంచి ఆయన ఒక స్టూలు మోసుకొచ్చారు. ఒక కాలికి వెల్డింగ్ ఊడిపోయిన ఇనుప స్టూలు అది. తుక్కువాడికి వేసెయ్యమని దాన్ని పక్కన పెట్టించిందే ఆయన. బతుకంతా ఇనుమే అతికించిన మనిషికి ఆ కాలు సంగతి తెలియదా? నేను నోరు తెరవబోయాను. ఆయన నువ్వూరుకో అన్నట్టు నా వైపు ఒక చూపు చూశారు. నా మొగుడి చూపులు నాకు తెలుసు. గోడకు చేరబడి నిలబడ్డాను.

“ఒరే, ఈ స్టూలెక్కొచ్చంటావా?”

మా తమ్ముడు ఆ కాలు వైపే చూస్తున్నాడు. చూశాడు, నాకు తెలుసు. “మీ ఇష్టం బావా” అన్నాడు.

ఆయన రెండువేళ్ళ చేత్తో స్టూలు అంచు పట్టుకుని ఎక్కారు. స్టూలు ఒక పక్కకు ఒరిగింది. వాడు ఒక్క ఉదుటున నేలమీద కూలబడి, ఆ ఊడిన కాలిని రెండు చేతులా పట్టుకున్నాడు.

“ఊగుతన్నాదిరా.”

“పట్టుకున్నాను బావా.”

“దిగమంటావా?”

వాడు పట్టు బిగించాడు. ఆయన ఫ్యాను ముట్టుకోలేదు. గుడ్డ చేతిలో అలాగే ఉంది. కిందికి వాడి నడినెత్తి వైపు చూస్తూ నిలబడ్డారు.

“ఒరే, దిగమనరా. ఒక్కసారి అను.”

“పట్టుకున్నాను బావా, మీరు తుడవండి” అన్నాడు వాడు. ఆ స్టూలు కాలిని వాడు వదిలేలా లేడు, దిగమనేలానూ లేడు.

ఆయన మెల్లగా దిగారు. వాడు లేచి, గట్టి కుర్చీ వెతికి తెచ్చుకుని, ఫ్యాను తుడిచాడు. చేతులు కడుక్కుని, పెట్టింది తిని, “వెళ్ళొస్తాను బావా” అని చెప్పి బండెక్కాడు.

వాడి బండి చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా ఓపిక పట్టి, అప్పుడు ఆయన మీద విరుచుకుపడ్డాను. “మతి పోయిందేటండీ మీకు? పడుంటే? ఉన్న ఆ రెండు వేళ్ళూ పోతే?”

ఆయన గుడ్డ మడతపెడుతున్నారు. ఒంటిచేత్తో అది సరిగా కుదరడం లేదు.

“పడితే అప్పుడైనా నన్ను తిడతాడేమోనని” అన్నారు.